ఫౌంటెన్ వెనక డబ్బా

వందన రోట్లో కొబ్బరి పచ్చడి నూరుతోంది. మిక్సీ కాలిపోయి నెల దాటింది. ఇవాళ కాలనీ సంఘంవాళ్లు నిజాం కాలం నాటి చిన్న పార్కులో ఇత్తడి డబ్బా ఒకటి దాచారు. దాన్ని వెతికి తెచ్చినవాళ్లకు కొత్త మిక్సీ ఇస్తామన్నారు. అందుకే మొగుణ్ని పొద్దున్నే పార్కుకు తరిమింది.

తిరుమలేశ్ ఫిల్మ్‌నగర్‌లో సెట్ అసిస్టెంటు. షాట్ మారినా వస్తువులు ఉన్నచోటే ఉండేలా చూడటం అతని ఉద్యోగం. వెలిగిపోతున్న ముఖంతో ఇంట్లోకొచ్చాడు.

"దొరికింది! పాత ఫౌంటెన్ వెనక, ఎండుటాకుల కింద."

"అబ్బ! ఏదీ, చూపియ్యి."

"చేతిలకు తీసుకున్న, దుమ్ము దులిపిన, మళ్ల గాడనే పెట్టిన."

"పెట్టినవా? ఎందుకయ్యా?"

"సీన్ల ఉన్న వస్తువు కదిలిస్తే డైరెక్టర్ ఊకుంటడా? ఆకులు మునుపటి లెక్కనే పేర్చిన. దుమ్ము గూడ మళ్ల చల్లిన. ఎవ్వలు గుర్తువట్టరు, ఫికర్ చెయ్యకు!"

"ఇంకెవరికన్న దొరికిందా?"

"ఏడ దొరుకుతది? వెంకటనర్సయ్య తాత దాని పక్కనే కూసొని చాయ్ తాగుతున్నడు."

వందన చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు తొడుక్కుని గడప దాటింది.