బొట్టు కింద పంతొమ్మిది రోజులు

నేను ఒక దీపాన్ని. నూనె అక్కర్లేదు, వత్తి అక్కర్లేదు. బియ్యపు గింజంత ఉంటాను. కారు స్టీరింగు వెనక, స్పీడు చూపే ముల్లు పక్కన నా కాపురం. ఒంటికి పసుపు రంగు, ముఖాన ఇంజిన్ బొమ్మ. ఇంజిన్‌లో ఏదైనా తేడా వస్తే లోపలి కంప్యూటరు నన్ను వెలిగిస్తుంది. నేరం జరిగిందని చెప్పడం వరకే నా పని. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో నాకూ తెలియదు. అది మనుషులు కనిపెట్టుకోవాలి. అక్కడే ఉంది తమాషా అంతా.

ఫ్యాక్టరీలో ఒక యంత్రం నన్ను బోర్డు మీద అతికించింది. ఒక అమ్మాయి ఒకసారి వెలిగించి చూసి, ఆవులించి, పక్కకు నెట్టింది. నా మొదటి యజమాని రిటైరైన రైల్వే గార్డు. రోజూ పొద్దున్నే నా మీది అద్దం తుడిచేవాడు. ఇంజిన్ చప్పుడు మారితే మాత్రం రేడియో పెంచేవాడు. ఆరేళ్ళకు ఆయన కంటిచూపు తగ్గింది. గుంతకల్లులో ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పే షంషాద్ మేడం చేతికి కారు వచ్చింది.

ఆమె ఎడమ పక్క సీటుకూ ఒక బ్రేకు బిగించుకుంది. కాలు ఆ బ్రేకు మీద, చూపు రోడ్డు మీద, నోరు శిష్యురాలి మీద. డ్రైవరు సీట్లో ఆమె కూర్చోవడం అరుదు. అంటే నన్ను చూడాల్సిన మనిషికి నేను కనపడను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

శిష్యురాళ్ళలో సుంకమ్మ పెద్దది. నలభై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా మునిసిపాలిటీ చెత్త బండిని వీధి వీధికీ తోస్తోంది. ఇప్పుడు చెత్త ఆటోలకు ఆడ డ్రైవర్లను తీసుకుంటామన్నారు. లైసెన్సు ఉండాలి. దరఖాస్తు గడువు శనివారం. లైసెన్సు పరీక్ష దానికి ముందురోజు, శుక్రవారం. అది తప్పితే మళ్ళీ నెలన్నర దాకా తేదీ లేదు. తోపుడు బండి ఇక జన్మంతా తోయాల్సిందే.

ఆ పరీక్షకు ఈ కారే వెళ్ళాలి. బుధవారం పొద్దున, కాగితాలు సరిచూసుకుంటుంటే పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరిందని షంషాద్ గమనించింది. సుంకమ్మ చేత నడిపిస్తూ, పెట్రోలు బంకు దగ్గర ఆగి ఉన్న పొగ పరీక్ష వ్యాను దగ్గరకు కారును పరిగెత్తించింది. వ్యాను కుర్చీలోని మనిషి పొగ గొట్టంలో గొట్టం దూర్చాడు. కాగితం చూసి పెదవి విరిచాడు.

“పాసు కాలేదు మేడం. విషవాయువు ఉండాల్సిన దానికి ఆరింతలుండాది. మీ బండి పెట్రోలు తాగడం కాదు, కుడితి మాదిరి జుర్రుతా ఉండాది.”

షంషాద్ అక్కడినుంచి కారును నేరుగా మెకానిక్ ఓబులేసు షెడ్డుకు పోనిచ్చింది. ఓబులేసు మాటకారి. సుంకమ్మను వెనక సీట్లోకి పంపి, డ్రైవరు సీట్లో కూర్చుని ఇటు వంగాడు. ఆగాడు. గోటితో ఏదో గీకాడు. పంతొమ్మిది రోజుల తర్వాత నా మీద వెలుతురు పడింది.

అతని వేలికొసన ఎర్రటి స్టిక్కరు బొట్టు. ఇన్నాళ్ళూ దాని కింద నేను, భగభగ వెలుగుతూ!

“అక్కా, ఇంజిన్‌కు పేరంటం చేసినారా ఏంది?”

“నాకేం తెలుసు ఓబులేసూ? నేను పక్క సీట్లో కూచుంటా. ఇది నాకు యాడ కనపడుతుంది?” అంది షంషాద్. అని, వెనక సీటు వైపు తిరిగింది. “ఎవురిది మేయ్ ఈ బొట్టు?”

సుంకమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. “ఎందరెక్కి దిగుతారు మేడం.”

ఓబులేసు కారు కంప్యూటరుకు స్కానరు తగిలించాడు. తెర చదివాడు. మళ్ళీ చదివాడు. వ్యాను వాడిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని మూడోసారి చదివాడు.

“విచిత్రంగా ఉందే! పెట్రోలు ఎక్కువ కాలుతోందని వ్యాను చెప్తోంది. పెట్రోలు చాలడం లేదని బండి చెప్తోంది. ఇద్దరు సాక్షులు, రెండు సాక్ష్యాలు. ఎవురో ఒకరు అబద్ధం.”

అనుమానం మొదట ముక్కు మీద పడింది. పొగ గొట్టంలో ఆక్సిజన్ వాసన పట్టే సెన్సారు ఒకటుంది; మా కారులోకంలో దాన్ని ముక్కు అనుకోండి. పొగలో ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు తక్కువైందని అది కబురు పెడుతుంది. కంప్యూటరు ఇంకాస్త పోస్తుంది. ఓబులేసు ఇంకో కారులోని మంచి ముక్కు తెచ్చి పెట్టాడు. నన్ను ఆర్పి, కారు ఊరంతా తిప్పాడు. తిరిగి వచ్చేసరికి నేను వెలిగాను. కొత్త ముక్కూ అదే మాట చెప్పింది.

బుధవారం అలా గడిచిపోయింది. ఇంకొక్క రోజు.

గురువారం పొద్దున ఓబులేసు సాక్షుల గొడవ పక్కన పెట్టాడు. “ఇద్దరూ నిజమే చెప్తుంటే?” అన్నాడు. షంషాద్ అర్థం కానట్టు చూసింది. “ముక్కు దాకా వచ్చే గాలి ఇంజిన్‌దే కావాలని ఏముంది అక్కా? దారిలో చిల్లి ఉంటే బయటి గాలి లోపలికి దూరుతుంది. పాపం ముక్కు దాని వాసనే చెప్తుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు పోస్తుంది. వ్యాను పొగ చూసి తిడుతుంది.”

ఓబులేసు నాన్నది పంక్చరు షాపు. గాలి ఎక్కడినుంచి పోతోందో కనుక్కోవడం ఆ ఇంటి చదువు. కారంతటి దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచలేడు గనక, తొట్టినే కారు దగ్గరకు తెచ్చాడు. ఇంటినుంచి కుంకుడుకాయ రసం తెప్పించాడు. సబ్బు నురగ తొందరగా ఆరిపోతుందట, కుంకుడు నురగ నిలుస్తుందట. ఇంజిన్ చల్లబడ్డాక, వెనక పొగ గొట్టానికి గుడ్డ చుట్టి, లోపలికి గాలి కొట్టే మిషను బిగించాడు. కింద పడుకుని, పాత పెయింటు బ్రష్షుతో ఒక్కో అతుకుకూ నురగ పూశాడు. నేను కిందకు చూడలేను. విన్నదే చెప్తున్నాను.

మొదటి అతుకు. ఏమీ లేదు. రెండో అతుకు. ఏమీ లేదు.

“దొరికినావురా!”

ముక్కుకు జానెడు ముందు, గొట్టాలు కలిసే చోట బుడగలు బుసబుసమని పొంగుతున్నాయట. పక్కనే గొట్టం సొట్ట. సొట్టలో సిమెంటు గీతలు.

“అక్కా, ఇది దేన్నో గట్టిగా గుద్దుకుంది. మురికి కాలవ మీది మోరీ బండ లాంటిది.”

షెడ్డులో గాలి మిషను ఆగింది. పొద్దుట్నుంచీ సుంకమ్మ కూర్చుని ఉన్న వెనక సీటు తలుపు తెరుచుకుంది.

“నేనే మేడం,” అంది సుంకమ్మ. “మీరు దిగి ఫోను మాట్లాడతా ఉంటే, బండిని నీడకు పెడదామని వెనక్కి తీసినా. మోరీ బండెక్కి దిగింది. మూడో రోజు ఆ లైటు వెలిగింది. బొట్టు తీసి అంటించినా.”

షంషాద్ సుంకమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. “దెబ్బ తగిలితే మందు పూస్తారు. బొట్టు పెడతారా మేయ్? నిన్ననే చెప్పి ఉంటే ఒక రోజు మిగిలేది కదా! పోయేది ఎవురి ఉద్యోగం?”

“నాదే మేడం. మీరింక స్టీరింగు ముట్టుకోనియ్యరని భయపడినా.”

“రేపు పరీక్షలో నేను పట్టుకుంటానా స్టీరింగు?” అని విసుక్కుని, షంషాద్ అక్కడున్న టార్చి తీసి సుంకమ్మ చేతిలో పెట్టింది. “పో, వాని పక్కన పండుకుని వెలుతురు పట్టు. ఏం చెడగొట్టినావో చూడు.”

వంగిన అంచు సాపు చేశారు. అతుకులో గాలి చొరబడకుండా కొత్త గ్యాస్కెట్ వేశారు. మళ్ళీ నురగ పూస్తే ఒక్క బుడగ రాలేదు. స్కానరుతో నన్ను ఆర్పి, ఊరు రెండు చుట్లు తిప్పారు. నేను వెలగలేదు. సాయంత్రం వ్యాను మూసే వేళకు కారు పొగ పరీక్ష గట్టెక్కింది.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు. సుంకమ్మ మలుపులు తిప్పింది, వెనక్కి తీసింది, గీత తొక్కకుండా ఆపింది. ఇంజిన్ కట్టేశాక ఆయన తాళంచెవి సగం తిప్పించాడు. అలా తిప్పితే, మేం బతికే ఉన్నామని చూపడానికి దీపాలన్నీ ఒకసారి వెలుగుతాం. ఆయన ఒక్కోదాన్నీ చూపిస్తూ అడిగాడు. “బ్యాటరీ” అంది సుంకమ్మ. “ఆయిలు” అంది. ఆయన వేలు నా మీదకు వచ్చింది.

“ఇది వెలిగితే ఏం చేయాల?”

“మొదుట ఒప్పుకోవాల సార్.”

ఆయన పెన్ను ఆగింది. “ఎవురితో?”

“బండి ఎవురిదైతే వాళ్ళతో.”

ఆయన పుస్తకంలో ఆ జవాబు ఉండి ఉండదు. అయినా కాసేపు నన్నే చూసి, కాగితం మీద టిక్కు పెట్టాడు.

శనివారం ఆమె దరఖాస్తు ఇచ్చి వచ్చిందని తర్వాతి పాఠంలో విన్నాను. నేను మాత్రం చీకట్లోనే ఉన్నాను. మా వృత్తిలో ఇంతకు మించిన మంచి రోజు ఉండదు.