ఇంట్లోంచి నడిచిన మట్టి

లారీవాడు మట్టంతా వీధి గుమ్మం ముందు గుమ్మరించి వెళ్ళిపోయాక గానీ నా బుర్ర వెలగలేదు. పదకొండేళ్ళుగా బస్సు కండక్టర్ని. బస్సుకి ముందో తలుపు, వెనకో తలుపు ఉంటాయి. మా పెరట్లోకి మాత్రం ఇంట్లోంచి తప్ప దారి లేదు. రెండు పక్కలా గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. మట్టి పెరట్లోకి చేరాలంటే ముందుగది, వంటగది, ఆ తర్వాత అత్తయ్య గది దాటాలి.

పెరడు అత్తయ్య గది గోడవైపు పల్లం, తూమువైపు ఎత్తు. వాన పడితే నీళ్ళు తూములోకి పోకుండా అత్తయ్య గదిలోకి వస్తాయి. పోయినసారి ఆవిడ పూటంతా మంచం మీదే ఉండిపోయింది. అది చూసి మరిది, "ఆదివారం సాయంత్రం వచ్చి అమ్మని మా ఫ్లాట్‌కి తీసుకుపోతా వదినా" అన్నాడు. ఆ రాత్రి అత్తయ్య అన్నం సగమే తింది.

అత్తయ్యకీ నాకూ రోజుకో గొడవ. అయినా ఆ గొడవ నాది. దాన్ని ఇంకొకరు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకునే రకాన్ని కాను. ఆదివారం సాయంత్రానికల్లా పెరడు ఎత్తు చేసి తీరాలనుకున్నాను.

"ఎవరినైనా పిలుద్దామే" అన్నాడు మా ఆయన. దర్జీ. మిషను మీద వంగి వంగి నడుం పోయింది, బరువులెత్తకూడదు.

"అక్కర్లేదు. నాకు రెక్కల్లేవా?" అన్నాను.

ఆదివారం పొద్దున పదింటికల్లా ఆ రెక్కలు పడిపోయాయి. కుప్ప తరగలేదు. పైన మబ్బు కమ్ముకొస్తోంది. మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడొచ్చాడు మా బస్సు డ్రైవరు, వెనకాల నలుగురు డిపో మెకానిక్కులతో.

"సెలవంటే ఎరగని మనిషి సెలవు పెట్టిందంటే ఏమైందో చూద్దామని వచ్చాం. ఇంత పని పెట్టుకుని మాకు చెప్పరేంటక్కా?"

"నేను పిలవలేదుగా."

"మీరెప్పుడు పిలిచారు గనక. ఈల వేయడమే తప్ప."

బేసిన్లు అందుకుని లోపలికి నడిచారు. "చెప్పులు బయట" అన్నాను, అలవాటు చొప్పున. పాపం, విప్పేశారు. తీరా చూస్తే నిండు బేసిన్లవాళ్ళూ ఖాళీ బేసిన్లవాళ్ళూ వంటగది గుమ్మంలో ఎదురుపడి ఇరుక్కుంటున్నారు. నాలో కండక్టరు లేచింది.

"ఎవరూ నడవద్దు. ఎక్కడివాళ్ళక్కడ నిలబడి చేతులు మార్చండి. నిండువి కుడిపక్క, ఖాళీవి ఎడమపక్క."

అలా వీధి నుంచి పెరటిదాకా వరస కట్టారు. మా ఆయన ఫోను చేసినట్టున్నాడు, ఆడపడుచు ఇద్దరు కూతుళ్ళతో దిగింది. పక్కింటి దంపతులు మధ్యలో దూరారు. మా ఆయన గోడ నుంచి తూముదాకా దారం కట్టి, "ఇక్కడ ఇంకో జానెడు, అక్కడ చాలు" అంటూ పెరటికి కొలతలు తీశాడు.

అత్తయ్య మంచం దిగి వరసలోకి వచ్చింది.

"మీకెందుకత్తయ్యా, కూర్చోండి."

"నీ పెత్తనం వీధిలో చూపించు. ఇది నా గది."

ఆవిడకి సగం నింపినవే పంపమని సైగ చేశాను. రెండోదానికే పట్టేసింది. "నాకు సగమే వస్తోందేం?" అని గదమాయించింది. చేసేదిలేక ముప్పావు నింపాం.

సాయంత్రం వస్తానన్న మరిది మధ్యాహ్నమే ఇస్త్రీ చొక్కాతో కారు దిగాడు. అతనెవరో తెలియని మెకానిక్కు, "పట్టుకో తమ్ముడూ" అని బేసిన్ చేతిలో పెట్టేశాడు. మరిది ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఇంకోటి వచ్చింది. చూస్తుండగానే అత్తయ్య పక్కన వరసలో కలిసిపోయాడు. తల్లి అందించింది కొడుకు అందుకుంటున్నాడు.

చివరి బేసిన్ మట్టి పరిచి చదును చేస్తుంటే చినుకులు మొదలయ్యాయి. అందరం అత్తయ్య గదిలో, పెరటి గుమ్మం దగ్గర కిక్కిరిసి నిలబడ్డాం. వాన జోరందుకుంది. నీళ్ళు గోడ దగ్గర చేరి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు ఆగాయి. తర్వాత సన్నగా, మెల్లిగా తూమువైపు తిరిగాయి.

మోచేతులదాకా మట్టితో ఉన్న మరిది, "అమ్మా, మరి..." అన్నాడు.

"మరీ లేదు, గిరీ లేదు. వాన తగ్గాక నువ్వెళ్ళు" అంది అత్తయ్య. ఆ తర్వాత డ్రైవరు వైపు తిరిగి, నా భుజం పట్టుకుని ముందుకు లాగింది. "ఇది మా కోడలు" అంది.

"తెలుసమ్మా. పదకొండేళ్ళుగా ఒకే బస్సులో పనిచేస్తున్నాం" అన్నాడతను.

"నీకేం తెలుసు" అంది అత్తయ్య. భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.

గర్వంతో నా మొహం వెలిగిపోయి ఉంటుంది. కళ్ళు కూడా తడిశాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల నిండా మట్టి.