ఆవిడ వినని చరణాలు

పిల్ల పడుకున్నాక ఇంకా పాటెందుకు మాస్టారూ అంటున్నాడు రికార్డింగాయన, అద్దానికి అవతల నిలబడ్డ పాటమ్మాయికి వినపడకుండా ఏదో మీట నొక్కి పట్టుకుని మరీ అంటున్నాడు, న్యాయమైన మాటే, నిద్రపోయిన పిల్లకి పాడటం అంటే చెయ్యి కడుక్కుని లేచినవాడికి మళ్ళీ వడ్డించడమే, నేను మాత్రం ఈ గది గోడల వంక చూస్తున్నాను, గోడలనిండా గుడ్లట్టల్లాగా గుంటలు గుంటలుగా నల్లటి స్పాంజి అంటించారు, ఇక్కడ మనం దగ్గితే మన దగ్గు మనకే ఎవరిదోలా ఉంటుంది, ఇంత మెత్తటి గది ఒకటి లోకంలో ఉందని మా ఆవిడకి తెలిసుంటే ఇల్లు అమ్మేసి అయినా సరే ఇలాంటిది కట్టించండి అని పట్టుబట్టేది, పగలు కంటినిండా నిద్ర అన్నది ఆవిడకి తీరని కోరిక, ఆ కోరిక పుణ్యమా అనే కదా ఇవాళ నేను ఈ కుర్చీలో కూర్చున్నది, నా జోలపాటలన్నీ రికార్డు చేస్తున్నారు, అన్నిటికీ చివరి చరణాలు తీసేద్దాం అంటున్నాడు ఈయన, మూడో చరణానికే పిల్లలు పడుకుంటారు, నాలుగోది ఎవరు వింటారు, మీరు ఊ అనండి చాలు, నేను చూసుకుంటాను, ఊ అనడానికి ఎంతసేపు, నోరు తెరవక్కర్లేని మాట అది, అదే రావడం లేదు నాకు.

అసలు నేను జోలపాటల కవినే కాదు, ఖాళీల కవిని, పిల్లల పత్రికలో ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి, సంపాదకుడు పెద్దాయన, ముక్కుపొడుం మరకల వేళ్ళతో పేజీ పట్టుకొచ్చి ఏవయ్యా కాలేజీ చదువూ, కథ అయిపోయింది, అడుగున నాలుగు లైన్లు ఖాళీ మిగిలింది, చీమో దోమో ఏదో ఒకటి పడెయ్ అన్నాడు, చీమే పడేశాను, చక్కెర డబ్బా మూత తీయలేక తోటి చీమల్ని పిలవడానికి వెళ్ళి దారిలో ఎందుకు వెళ్తున్నదీ మర్చిపోయిన చీమ, ఆ నెల బస్తాలకొద్దీ కార్డులొచ్చాయి, తర్వాత చీమకేమయింది అని, అంతే, పెద్దాయన నన్ను వదల్లేదు, ప్రతి నెలా ఖాళీలే ఖాళీలు, గొడుగు మీద, ఎక్కిళ్ళ మీద, దర్జీ కత్తెర మీద, పోస్టు డబ్బా నోటి మీద, కథలు చివరికి నా ఖాళీల కోసమే ఎక్కడికక్కడ తెగిపోతున్నాయని కథకులు పోట్లాటకి వచ్చేదాకా వెళ్ళింది, ఖాళీలు పుస్తకాలయ్యాయి, పుస్తకాలు బీరువా అయ్యాయి, బళ్ళలో పిల్లలు నన్ను చీమ మాస్టారూ అని పిలిచారు, ఎన్ని రాశారండీ మొత్తం అని ఎవరైనా అడిగితే మా ఆవిణ్ణి చూపించేవాణ్ణి, దుమ్ము దులిపేది ఆవిడ కాబట్టి, ఆవిడ కూడా తక్కువది కాదు, ఎన్నని చెప్పనండీ, మనిషి పడుకునే చోటు తప్ప అంతా ఈయనే అనేది.

మనిషి పడుకునే చోటు, అదే తంటా, ఆవిడది టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం, ఎక్కువగా రాత్రి డ్యూటీలు, పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే వచ్చేది, చెవి మీద హెడ్‌సెట్ ఒత్తుకున్న ఎర్రటి గుర్తు, అది సాయంత్రందాకా పోయేది కాదు, కర్టెన్లు వేసి పడుకుందామంటే కిందన కూరల బండివాడు, పక్కింట్లో కుట్టుమిషను, ఎదురింటి వాళ్ళు బల్లలు ఈడుస్తున్నారో బల్లలే వాళ్ళని ఈడుస్తున్నాయో తెలీదు, రాత్రంతా ఊళ్ళోవాళ్ళ మాటలు ఒకళ్ళకొకళ్ళకి కలిపానండీ, ఇప్పుడు నాకంటూ ఓ మాట చెప్పండి, అర్థం లేకపోయినా ఫర్వాలేదు అంది ఒకరోజు, ఉన్నదేముంది నా దగ్గర, చీమ గేయం చెప్పాను, పకపకా నవ్వి లేచి కూర్చుంది, ఇది పనికిరాదు కవిగారూ, నవ్వొస్తే నిద్ర పోతుంది, నవ్వు రానిది రాయండి, అలా పుట్టాయి నా జోలపాటలు, పసిపిల్లల కోసం కాదు, కాళ్ళు లాగుతున్నాయని దిండు కాళ్ళకింద పెట్టుకున్న ఒక ఉద్యోగస్తురాలి కోసం, ఈ ముక్క ఏ సభలోనూ చెప్పలేదు, ఆవిడ చెప్పనివ్వలేదు, పిల్లల నోటి దగ్గరిది లాక్కున్నానంటారు, ఊరుకోండి అనేది.

పొద్దు పొరుగూరు పనిమీద వెళ్ళింది, పొయ్యి బూడిద కప్పుకుని పడుకుంది, చెప్పులు రెండూ గడప పక్కన చెంపకు చెంప చేర్చుకున్నాయి, ఇలా సాగేది మొదటిది, నేను చెబుతుంటే ఆవిడ పాదం దుప్పటి కింద తాళం వేసేది, రెండో చరణంలో పాదం ఆగి బొటనవేలు మాత్రం ఆడేది, మూడోదానికి వేలూ ఆగిపోయేది, అంతే, నేను ఆపేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చేరవేసి, మెట్లు దిగి కింద వేసుకునేవాణ్ణి, నాలుగో చరణం నోట్లోనే ఉండేది, ఎన్ని పాటలు రాసినా అంతే, ఒక్కదాని చివరైనా విననే లేదు మహాతల్లి, ఓసారి అలిగాను కూడా, అంత కష్టపడి ముగింపు రాస్తాను, ఒక్కసారి మేలుకుని వినకూడదా అన్నాను, వింటే మీ పాట ఫెయిలయినట్టు కాదూ అంది, పోనీ అచ్చులో చదువుకో, అచ్చులో చదివితే నిద్ర రాదండీ, మరి నాకెందుకు, ఇక మా అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు, నాన్న జోలపాటల కవి అని బళ్ళో గొప్పలు చెప్పుకునేదే గాని నా పాటకి పడుకుంటేగా, మరి పొద్దున చెప్పులు లేచాయా నాన్నా, ఎటెళ్ళాయి, ఒకటి ఇటూ ఒకటి అటూ వెళ్ళాయా అని ప్రాణం తీసేది, చివరికి వాళ్ళ తాతయ్య పేపర్లో బజారు ధరలు పైకి చదువుతుంటే ఉల్లిపాయలు దాటకుండానే ఆయన ఒళ్ళో నిద్రపోయేది, అది చూసి మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన నవ్వు, ఆ నవ్వు ఎక్కడుంది ఇప్పుడు, గాలిలో కలిసిందంటారు, ఏ గాలి, ఎటు వెళ్ళింది.

మాస్టారూ అంటున్నాడు రికార్డింగాయన, పాటమ్మాయి పసిపిల్లని వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది, తొందరగా వెళ్ళాలి, ఏదో ఒకటి తేల్చండి, ఆలోచిస్తున్నానండీ అన్నాను, ఆలోచించడం లేదు, పొద్దున మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గడియ చప్పుడయ్యే వేళ గుర్తొస్తోంది, ఇప్పటికీ ఆ వేళకి గడ్డం సగం గీసుకుని ఆగిపోతాను, వీధిలో కూరల బండి వెళ్తుంది, ఎంత అరుచుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు, అరుచుకో నాయనా అనిపిస్తుంది, బయటికెళ్ళేటప్పుడు ఇప్పటికీ చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగుతాను, అలవాటు, ఓరోజు కింది వాటా ఆవిడ చూసింది, ఎవరు పడుకున్నారని బాబాయిగారూ అనేసి, అన్నాక తెలిసింది పాపం, మొహం చిన్నబుచ్చుకుంది, మర్నాడు నేను అలాగే దిగుతుంటే గుమ్మంలోంచి గుసగుసగా పలకరించింది, పనికా బాబాయిగారూ అని, నిజంగానే పైన ఎవరో పడుకున్నట్టు, అప్పటినుంచీ పొద్దున నాతో ఎప్పుడు మాట్లాడినా గుసగుసే, ఆ గుసగుస కోసం ఆ కింది వాటా ఆవిడకి గుడి కట్టించినా తక్కువే.

తీసేద్దాం అంటే సరే అనెయ్యండి మాస్టారూ, మీ ఇంట్లోవాళ్ళే ఎప్పుడూ వినలేదని ఇందాక టీ తాగుతూ మీరే అన్నారు కదండీ, మీ ఆవిడే వినంది ఇంకెవరు వింటారు అన్నాడు ఆయన, నవ్వుతూనే అన్నాడు, ఆయన తప్పేం లేదు, నేనే నోరు జారాను, అయినా ఎక్కడో కలుక్కుమంది, నిజమే, ఆవిడ వినలేదు, ఇక వినదు, ఎప్పటికైనా ఒక్కదాన్నైనా చివరిదాకా వినకపోతుందా, ఉద్యోగం అయిపోయాక, రాత్రుళ్ళు అందరిలా పడుకుంటున్నప్పుడైనా, ఓ మధ్యాహ్నం ఊసుపోక అడగదా అని నాలో నేను ఎదురుచూశాను, రాసేవాడికి ఎన్ని సన్మానాలు జరిగితే ఏం, ఎదురుచూసేది ఒక్క మనిషి ఊ కోసం, ఆ ఊ రానప్పుడు ఆ చరణాలు ఎవరికి, తీసేయండి, నా నోటి చివరిదాకా వచ్చింది ఊ.

అంతలో స్పీకర్లోంచి పాటమ్మాయి గొంతు, తాతగారూ, ఒకటి అడగనా, ఆయన మీట ఎప్పుడో వదిలేసినట్టున్నాడు, అంతా వినేసింది, అడుగమ్మా అన్నాను, మీ ఇంట్లో సరే, ఈ చివరి చరణం మీ నోట ఇంతవరకూ ఎవ్వరూ విననే లేదా, ఎవరూ వినలేదమ్మా అనబోయి ఆగాను, విన్నారు, ఒకరు విన్నారు, ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం పూట, మా ఆవిడ అటు తిరగలేక ఇటు తిరగలేక ఏవండీ నిద్ర పట్టడం లేదు, ఏదో ఒకటి చెప్పండి అంది, పొద్దు పొరుగూరు పనిమీద వెళ్ళింది అని మొదలుపెట్టాను, సెలైన్ పెట్టిన చెయ్యి కదలదు, దుప్పటి కింద పాదం కదిలింది, తర్వాత వేలు, తర్వాత వేలూ ఆగింది, నేనూ ఆగాను, కాళ్ళ దగ్గర నిలబడి బాటిలు మారుస్తున్న నర్సు ఆపేశారేమండీ అంది, పడుకుందమ్మా అన్నాను, ఆవిడ పడుకున్నారు, మేం పడుకున్నామా, నాకింకా డ్యూటీ ఉంది, చెప్పండి అంది, పక్కమంచం దగ్గర భర్తకి విసురుతూ కూర్చున్న ముసలావిడ కూడా విసనకర్ర ఆపింది, చెప్పాను, నువ్వటు వెళ్ళాక నేనిటే ఉంటా, నీ ఊపిరి వరసకి తలూపుతుంటా, దీపం తగ్గించి, దుప్పటి సర్ది, నువ్వు వదిలిన మాట పట్టుకుంటా, బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనలేదు, ముసలావిడ మొగుడి దుప్పటి సర్దింది, నర్సు వెళ్తూ వెళ్తూ కిటికీ తెర సగం లాగింది, ఎండ మా ఆవిడ మంచం మీద లేదు, నా మొహం మీద పడుతోంది, తెర లాగింది నాకోసం, అప్పుడు తట్టలేదు, సాయంత్రం మా ఆవిడ లేచి నీళ్ళడిగింది, ఆ హడావుడిలో పడ్డాను, ఇన్నాళ్ళూ ఆ తెర సంగతే మర్చిపోయాను.

విన్నారమ్మా అన్నాను, మేలుకుని ఉన్నవాళ్ళు విన్నారు, మా పాప పడుకున్నాక నేను వెంటనే లేచి వెళ్ళలేను తాతగారూ, ఎందుకో అలా కూర్చుంటాను అంది ఆ అమ్మాయి, ఎందుకో ఏమిటి తల్లీ, నాకిప్పుడు తెలుస్తోంది ఎందుకో, ఇన్నేళ్ళూ ఆవిడ వినడం లేదని కినుకపడ్డాను గాని మూడు చరణాలే ఆవిడవి, నాలుగోది పక్కన కూర్చున్నవాళ్ళది, నేనిటే ఉంటా అని రాసిన చెయ్యి నాదే, ఆవిడ నిద్రపోయి ప్రతిసారీ దాన్ని నాకు వదిలిపెట్టింది, పోనీలెమ్మని నేను నోట్లోనే దాచుకుని మెట్లు దిగిపోయాను, నాకు ఎవరూ పాడని పాట నాకే రాసుకుని పెట్టుకున్నాను, తీయొద్దండీ అన్నాను రికార్డింగాయనతో, ఒక్కటీ తీయొద్దు, ఆయన నా మొహం చూసి హెడ్‌సెట్ తీసి నా చెవులకి పెట్టాడు, పాడమ్మా, ఆ చివరిదే ముందు పాడు, నేను మేలుకునే ఉన్నాను.