సున్నపు గీతల ఇల్లు

"ఎలాగూ ఇంట్లో ఉన్నప్పుడు ఖాళీయేగా, మన కొత్తింటి ప్లానేదో కాస్త గీసి పెట్టేద్దూ," అన్నారు మా ఆయన, తాగిన కాఫీ కప్పు సింకులో పడేసి వెళ్తూ. అప్పటికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పాలు. ఖాళీ అంటే ఆయన దృష్టిలో ఇదన్నమాట.

నా ఉద్యోగం ఇళ్ళు గీయడమే. చదువూ ఉంది, లైసెన్సూ ఉంది, ఆఫీసు బోర్డు మీద మాత్రం మా బాసు పేరుంటుంది. ఇల్లు కట్టుకోవాలని భార్యాభర్తలు వస్తే ఆయన భర్తని ఎదురుగా కూర్చోబెట్టుకుని గదుల సంగతి మాట్లాడతాడు. భార్యని నా బల్ల వైపు పంపించి "మేడమ్‌గారికి రంగులు చూపించమ్మా" అంటాడు. ఆ మేడమ్‌గార్లు రంగుల కాగితాలు తిప్పుతూ గొంతు తగ్గించి నాతో చెప్పేది వేరే. "పొయ్యి దగ్గర కిటికీ పెద్దది పెట్టమ్మా, ఊపిరాడదు." ఆ మాట బాసుకి చేరవేస్తే, బయటికి అందం పాడవుతుందని కొట్టిపారేస్తాడు. ఇంటికి ముఖం బాగుంటే చాలు, కడుపులో ఎవరు ఉడికిపోయినా ఫరవాలేదు.

అందుకే మా కాపురం, మా ఆయన అన్నగారి కాపురం, అత్తగారూ కలిసి ఉండేలా ఊరి చివర ఒక స్థలం కొన్నప్పుడు నాకు కాలు నిలవలేదు. వాగు వైపు కొద్దిగా దిగే నేల, ముందు భాగంలో కొమ్మలు కలుపుకుని నిలబడ్డ రెండు పెద్ద చెట్లు. ఎన్నో సాయంత్రాలు అక్కడ నిలబడి గాలి ఎటునుంచి వస్తుందో, ఎండ ఎటు వాలుతుందో చూసుకున్నాను. చెట్ల చుట్టూ ఇల్లు తిప్పాను. పునాదికి తవ్విన మట్టితోనే గోడలు, లోతైన చూరు, వాననీళ్ళు చేరే తొట్టి, గిన్నెలు కడిగిన నీళ్ళు పారే కూరపాదులు. నట్టనడుమ, పొద్దుటెండ పడేచోట అందరికీ ఒకటే వంటగది. పక్కనే అత్తగారి గది, పిలిస్తే పలికేటంత దూరంలో. గీస్తున్నంతసేపూ నాకు ఆకలి వేయలేదు.

మా బావగారు ఆ కాగితం తిరగేసి మరగేసి, "ఏంటమ్మాయ్, ఇల్లు కడుతున్నామా, ఆశ్రమం పెడుతున్నామా?" అన్నారు. ఆయనకి ముందంతా అద్దాలు కావాలి. చెట్లు కొట్టేసి ఆ చోట కార్లు. అమ్మ గది, గౌరవంగా, హాలుకి ముందు పక్క. వంటిల్లు వెనక పడమటి మూల. "వంటింటికి గాలెందుకు? ఫ్యాను పెట్టిస్తే పొగ అదే పోతుంది." బట్టలు ఉతికేదీ ఆరేసేదీ మేడ మీద. మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "అన్నయ్య చెప్పినట్టే మార్చెయ్, గొడవెందుకు?" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఎక్కువసార్లు విన్న మాట ఇదే. గొడవ వద్దంటే నువ్వు ఊరుకో అని అర్థం.

నాకు ఒళ్ళు మండింది. మాటలతో వాదిస్తే వీళ్ళిద్దరి ముందూ నేను గెలవను, గెలిచినా "నోరు పెద్దది" అనే పేరు మిగులుతుంది. అలాగే మార్చాను, బావగారు చెప్పింది చెప్పినట్టు. మార్చి, "తవ్వే ముందు నేల మీద గీతలు వేసుకోవడం మా పనిలో పద్ధతి బావగారూ. అందరం రండి, ఓ పూట మీ ఇంట్లో ఉండి చూద్దాం," అన్నాను. తన ఇల్లు అనేసరికి ఆయన మురిసిపోయారు.

ఆదివారం నేనూ అక్కా సున్నప్పొడితో నిజం కొలతల్లో గోడలు గీశాం. అక్క అంటే నా తోడికోడలు, బళ్ళో లెక్కలు చెబుతుంది. గుమ్మాలున్నచోట గీత వదిలేశాం. వెనక మూల గ్యాసు పొయ్యి, గిన్నెలు, నీళ్ళ బిందె పెట్టాం. మేడకి బదులు పక్కనున్న మట్టిదిబ్బ. అత్తగారిని ఆవిడ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఇక ఎవరి పనులు వాళ్ళు మొదలుపెట్టాలి కదా, అక్క హాల్లో కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుంది. పేపరు విప్పి, "టీ ఏదండీ?" అంది.

బావగారు నవ్వారు. అక్క నవ్వకుండా పొయ్యి ఉన్న మూలకి వేలు చూపించింది. నేను తడిబట్టల బకెట్టు మా ఆయన చేతికిచ్చి దిబ్బ చూపించాను.

పొయ్యి ముందు నిలబడ్డ బావగారి వీపు మీదే ఉంది పడమటెండ. టీ పెట్టేలోపే చొక్కా తడిసి ముద్దయింది. ముందు అమ్మకిద్దామని కప్పు పట్టుకుని భోజనాల గది దాటి, మెట్లు చుట్టి, హాలు మొత్తం నడిచి అమ్మ దగ్గరికి చేరారు. ఆవిడ ఒక గుక్క తాగి, "చక్కెర చాల్లేదురా," అన్నారు. మళ్ళీ వెళ్ళి తెచ్చారు. "మంచినీళ్ళు?" అన్నారావిడ. ఈసారి బావగారు అటూ ఇటూ చూసి, గీత మీంచి అడుగేసి అడ్డంగా వచ్చేశారు.

"ఒరేయ్! గోడలోంచి వస్తున్నావేంట్రా?" అత్తగారి గొంతు వాగు దాకా వినబడి ఉంటుంది. "నేనెప్పుడైనా గోడలోంచి వచ్చానా? మీ నాన్న పిలిచినప్పుడల్లా చుట్టూ తిరిగే వచ్చాను, మోకాళ్ళు అరిగిపోయేదాకా! వెనక్కెళ్ళు. గుమ్మంలోంచి రా."

బావగారు గ్లాసుతో వెనక్కెళ్ళి, గుమ్మం చుట్టి వచ్చారు. అక్క పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. ఈ ఇంట్లో అత్తగారు ఎవరి పక్షమో నాకు తెలుసనే అనుకున్నాను, ఇన్నాళ్ళూ.

ఆవిడే కుర్చీ పట్టుకుని లేచారు. గుమ్మంలోంచే బయటికొచ్చి, కార్లు పెట్టాల్సినచోట, చెట్ల నీడలో కుర్చీ వేసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరం అక్కడికే చేరాం. దిబ్బ దిగి వచ్చిన మా ఆయన నేలమీదే చతికిలబడ్డారు. వాగు మీంచి గాలి వీస్తోంది.

"ఈ చెట్లు కొట్టినవాణ్ణి నేను కొడతాను," అన్నారు అత్తగారు. "అమ్మాయ్, మొదట గీసిన కాగితం ఉందా, చింపేశావా?"

చింపలేదు. సంచిలోంచి తీసి ఆవిడ ఒళ్ళో పరిచాను. బావగారు వంగి కాగితం మీద వేలు పెట్టి గదులు ఒక్కొక్కటే చూసుకున్నారు. "వంటిల్లు మధ్యలో... సరే, కట్టండి," అన్నారు చివరికి. ఆ 'సరే' వినగానే ఎగిరి గంతెయ్యాలనిపించింది. దాచుకోలేదు కూడా, అక్కని పట్టుకుని గట్టిగా నవ్వేశాను.

మా ఆయన కూడా సంతోషంగా, "ఇంకేం, గెలిచావుగా. నీ వంటిల్లు నీ ఇష్టమొచ్చినట్టు కట్టుకో," అన్నారు.

నేను టేపు తీశాను.

"కాస్త లేచి నిలబడండి. మోచెయ్యి మడవండి."

"ఎందుకు? చొక్కా కుట్టిస్తావా?"

"కాదండీ. వంటగట్టు ఎత్తు, అక్కడ నిలబడేవాళ్ళ మోచేతిని బట్టి కడతాం. ఒక గట్టు మీ కొలతకి, ఇంకోటి బావగారి కొలతకి. కదలకండి."