మొదటిసారి వచ్చినవాళ్ళు లేచి నిలబడండి

నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో ఉన్న మా చర్చిలో కొత్తవాళ్ళకు జరిగే మర్యాద ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాకా ఇంకే చర్చిలోనూ జరగదు. గొప్పకు చెప్పడం లేదు. ఆ మర్యాదలన్నీ పెట్టింది నేనే కాబట్టి చెబుతున్నాను. నా పేరు ఛాయాదేవి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పద్నాలుగేళ్ళుగా ఈ సంఘంలో ఉన్నాను, ఆరేళ్ళుగా ఆహ్వాన కమిటీకి పెద్దను.

నేను పెద్దను కాకముందు ఎవరు వచ్చారో ఎవరు పోయారో చూసే దిక్కు లేదు. ఇప్పుడు గేటు దగ్గర ఇద్దరు నిలబడతారు. కొత్త ముఖం కనబడితే చేతిలో ఒక గులాబీ, ఒక కార్డు పెడతారు. కార్డు మీద మూడే ప్రశ్నలు. మీ పేరేమిటి, ఎక్కడ ఉంటారు, మిమ్మల్ని ఎవరు పిలిచారు. పాటలు అయ్యాక పాస్టరుగారు "మొదటిసారి వచ్చినవాళ్ళు దయచేసి లేచి నిలబడండి" అంటారు. పువ్వు ఉన్నవాళ్ళు లేస్తారు. మైకు వాళ్ళ దగ్గరికి వెళుతుంది. మూడింటికీ జవాబు చెప్పగానే మూడు వందల మందిమి చప్పట్లు కొడతాం. పేరు, ఫోన్ నంబరు రిజిస్టరులోకి ఎక్కుతాయి. మంగళవారం నేనే స్వయంగా ఫోన్ చేసి, మొదటిసారి మా చర్చికి వచ్చినందుకు వందనాలు చెబుతాను. కొత్తవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా "మీరు" అనే పిలవాలని కమిటీకి గట్టిగా చెప్పి పెట్టాను.

గేటు దగ్గర నిలబడడానికి నాలుగు జట్లు ఉన్నాయి. వారానికొక జట్టు. పాపం ఒకళ్ళ మీదే భారం పడకూడదని నేనే అలా పంచాను. అందులో ఉన్న తిరకాసు నాకు నవంబరు దాకా తెలియలేదు.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక ఒకామె నా దగ్గరికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజానికున్న సంచిలోంచి ఫ్యాక్టరీ నీలం కోటు కాలరు బయటికి వచ్చింది.

"అమ్మా, మా ఇంట్ల కూడిక ఎప్పుడు వెడ్తరు?" అని అడిగింది.

కూడిక అంటే ఇంటి ప్రార్థన. శుక్రవారం సాయంత్రం సంఘంలో ఒకరి ఇంటికి ఇరవై మందిమి చాపలు, డోలకు పట్టుకుని వెళ్ళి, పాడి, ప్రార్థన చేసి, వాళ్ళిచ్చిన టీ తాగి వస్తాం.

"మీరు కొత్తగ వస్తున్నరా అమ్మా?" అన్నాను, నవ్వు ముఖంతో.

"నేను ఐలమ్మనమ్మా" అందామె. ఆ జవాబు చాలన్నట్టు నిలబడింది. నాకు చాలలేదు. అది కనిపెట్టి తనే మళ్ళీ చెప్పింది. "మల్లాపూర్ కాడ రేకుల రూములల్ల ఉంటం. మా ఆయన కొమురెల్లి సెంట్రింగ్ పనికి పోయి జూన్ల మీదికెల్లి పడ్డడు. తొడ బొక్క ఇరిగింది. అప్పటిసంది మంచంలనే. అంతమందున్న చర్చికి పోతనంటవు, ఒక్కలన్న మనింటికి వచ్చిన్రా అని రోజు ఎక్కిరిస్తున్నడు. ఒక్కపారి మీరందరు వస్తె ఆయన నోరు మూతవడ్తది."

కూడికల పట్టిక చూసేది కార్యదర్శి కనకరాజు గారు. ఆర్నెల్లు వరుసగా చర్చికి వచ్చినవాళ్ళ ఇళ్ళకే కూడిక అని ఒక నియమం ఉంది. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ ఇరవై మందిమి డోలకు మోసుకుని రామంతాపూర్ సందుల్లో గంటన్నర తిరిగితే, ఆయన అప్పటికే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నడిచిన కాళ్ళ నొప్పుల్లోంచి పుట్టిన నియమం అది.

ఐలమ్మను ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. కనకరాజు గారు రిజిస్టరు ఎప్పుడూ వెనక నుంచి తిరగేస్తారు. కొత్తవాళ్ళు చివర్లోనే కదా ఉండేది. రెండు కాగితాలు తిప్పి వేలు పెట్టారు.

"అక్టోబర్ రెండో ఆదివారం వచ్చిన్రు. ఏప్రిల్‌కు ఆర్నెల్లు అయితయి. అప్పుడు సూద్దాం."

"జులైల అడిగితె డిసెంబర్ అన్నరు గద సార్" అంది ఐలమ్మ.

"ఎవరన్నరో నాకైతె యాదికి లేదమ్మా. బుక్కుల ఉన్నది మాత్రం గిదే."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరె సార్" అంది. నేను ఆమె చేతిలో ఒక కరపత్రం పెట్టి, మీ ఆయన కోసం తప్పకుండా ప్రార్థన చేస్తానమ్మా అన్నాను. అక్కడితో నా బాధ్యత తీరిందనుకుని ఇంటికి వెళ్ళి నిద్రపోయాను కూడా.

నవంబరులో చర్చి వార్షికోత్సవం. కొత్తవాళ్ళు ఎంతమంది వచ్చారో నేను నివేదిక రాయాలి. లెక్కపెడితే అరవై ఒకటి వచ్చింది. పోయినేడు ముప్పై ఎనిమిదే. ఫ్లెక్సీ వేయించడానికి ఆ అంకె పంపేసి, సంతోషంతో మళ్ళీ లెక్కపెట్టాను. లెక్కల టీచర్ని కనుక అంకెలు కంటికి ఊరికే అతుక్కుంటాయి. రెండు నాలుగులు, రెండు ఏడులతో ముగిసే ఒక ఫోన్ నంబరు రెండుసార్లు కనబడింది. అనుమానం వచ్చి మొదటి నుంచి చూశాను. జనవరి, మార్చి, జూన్, ఆగస్టు, అక్టోబరు. ఐదు చోట్ల ఐలమ్మ, మల్లాపూర్. నాలుగు జట్ల చేతిరాతలూ అందులో ఉన్నాయి.

అంటే ఏడాదిలో ఐదుసార్లు మేము ఆమెకు కొత్తగా పువ్వు ఇచ్చాం. ఐదుసార్లు చప్పట్లు కొట్టాం. ఐదు మంగళవారాలు నేనే ఫోన్ చేసి, మొదటిసారి వచ్చినందుకు వందనాలమ్మా అన్నాను. ఆమె ఐదుసార్లూ "మంచిదమ్మా" అంది. మేము మర్యాద చేసిన ప్రతిసారీ ఆమె ఆర్నెల్లు మళ్ళీ మొదటికి వచ్చాయి.

నాకు ముందు కోపం వచ్చింది. సిగ్గు పడాల్సిన చోట నాకు కోపమే వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. వెంటనే ఫోన్ చేశాను.

"ఏందమ్మా ఐలమ్మా, మొదటిసారి వచ్చినోళ్ళను లెవ్వమంటె నువ్వెందుకు లేసినవ్? అది గుడ అయిదుసార్లు?" "మీరు" అన్న మాట ఎటు పోయిందో పోయింది.

అవతల నుంచి ఐలమ్మ నెమ్మదిగా చెప్పింది.

"పిల్లలు పువ్వు తెచ్చి చేతిల వెడ్తరమ్మా. లెవ్వుమని సైగ జేస్తరు. అంత పావురంగ, ప్రేమతోని ఇచ్చినంక నేను పాతదాన్నని ఎట్ల జెప్పాలె, వాళ్ళు చిన్నబోరా? రెండోపారి అట్లనే లేసిన. మూడోపారి సంది నాకే మంచిగనిపించింది. జనగామ దిక్కుకెల్లి వచ్చి తొమ్మిదేండ్లాయె. కంపినీల నన్ను నంబరుతోని పిలుస్తరు. రూములకాడ కొమురెల్లి పెండ్లామంటరు. గీ పట్నంల నా పేరేందని అడిగింది మీ చర్చిలనే. పువ్వు లేని ఆదివారం నాతోని ఎవ్వలు మాట్లాడరు గదమ్మా."

నేను ఏదో పని ఉందని ఫోన్ పెట్టేశాను. పని ఉన్న మాట నిజమే. మిగిలిన యాభై ఆరు పేర్లు ముందేసుకుని, ఇప్పటికీ చర్చికి వస్తున్నవాళ్ళ మీద టిక్కు పెడదామని కూర్చున్నాను. గంట సేపు కూర్చున్నాను. టిక్కు పెట్టడానికి ఒక్క పేరు కూడా దొరకలేదు. పువ్వు తీసుకున్నారు, చప్పట్లు కొట్టించుకున్నారు, వెళ్ళిపోయారు. ఏడాది పొడుగునా మా మర్యాదలకు నిలిచింది ఐలమ్మ ఒక్కతే. ఆమెను మేము నిలవనియ్యలేదు.

కమిటీ కూర్చున్నప్పుడు విషయం చెప్పాను. ఆమె జనవరి నుంచి వస్తోంది, ఈ శుక్రవారమే కూడిక అక్కడ పెడదామన్నాను. కనకరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అక్టోబర్ల ఆమెనే లేసి, మొదటిసారి వచ్చిన అని మైకుల జెప్పింది గద మేడం. దేవుని మందిరంల నిలబడి చెప్పిన మాట మనం కాదంటె ఎట్ల? పైగా లెక్క యాభై ఏడు అంటున్నరు. ఫ్లెక్సీ మీద అరవై ఒకటి అని ప్రింటయి వచ్చింది. గేటుకు కట్టేసిన్రు గుడ."

పాస్టరుగారు గుంటూరు వైపు మనిషి, మెత్తని మనిషి. "పైగా శుక్రవారాలన్నీ జనవరి దాకా నిండిపోయాయమ్మా. ఈ విషయం ప్రార్థనలో పెడదాం" అన్నారు. మా చర్చిలో ప్రార్థనలో పెట్టిన విషయాలు చాలా ఉన్నాయి. మెట్ల పక్కన పగిలిన నల్లా మూడేళ్ళుగా ప్రార్థనలోనే ఉంది.

నేను గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. ఫ్లెక్సీ మీద అరవై ఒకటి కింద నా ఫోటో ఉంది. పోట్లాడలేదు.

వార్షికోత్సవం రోజు నివేదిక చదివాను. అరవై ఒకటి అనగానే మందిరం దద్దరిల్లింది. నాకు శాలువా కప్పారు. కప్పుతుంటే వెనక వరుస కనబడింది. ఫ్యాను తగలని ఆ మూల కుర్చీలో ఐలమ్మ నీలం కోటు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది. ఆ అరవై ఒకటిలో తను ఐదు అని ఆమెకు తెలుసు. అయినా కొడుతోంది. నా భుజాల మీద శాలువా నాకు బరువైంది.

ఆ మంగళవారం ఫోన్ చేసేందుకు జాబితాలో కొత్త పేర్లు నాలుగు ఉన్నాయి. వాళ్ళకు చేయకుండా ఐలమ్మకు చేశాను.

"శనివారం ఊరికి పోతున్నమమ్మా" అంది. "ఆయన కాలు ఇప్పట్ల కాదన్నరు దవాఖానల. రూం కిరాయి నా ఒక్కదానితోని అయితలేదు. ఏప్రిల్ కూడిక ఇంకెవలకన్న రాసియ్యున్రి. నాకోసం ఖాళీ వెట్టకున్రి."

చెప్పులు వేసుకుని బయటపడ్డాను. నాచారం చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి మల్లాపూర్‌లో దిగాను. చాపలు లేవు, డోలకు లేదు, కమిటీ లేదు. రేకుల గదుల వరుస దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కిరాణా కొట్టు దగ్గర ఐలమ్మ ఇల్లెక్కడ అని అడిగితే "కొమురెల్లి పెండ్లామా? ఐదో నంబర్" అన్నారు.

గదిలో ఒక మంచం, మంచం మీద కొమురెల్లి, మూటలు కట్టిన సామాను. గోడకున్న చెక్క మీద ఒక స్టీలు గ్లాసు. గ్లాసులో ఎండిపోయిన గులాబీలు. నేను లెక్కపెట్టలేదు. లెక్క నాకు తెలుసు.

ఐలమ్మ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత పక్క గదికి పరుగెత్తి కుర్చీ తెచ్చింది. ఆ గదివాళ్ళు టీ పెట్టారు. ఎదురు గదిలోంచి ఒకామె ఇంకా వేడిగా ఉన్న మిర్చి బజ్జీలు తెచ్చింది. రెండు నిమిషాల్లో గుమ్మం నిండిపోయింది. వాళ్ళలో ఎవరూ చర్చి మొహం చూసినవాళ్ళు కారు. "మన కొమురెల్లి పెండ్లాం చర్చికెల్లి వచ్చిన్రు" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

కొమురెల్లి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అయితె నిజంగనే ఉన్నరన్నమాట" అన్నాడు భార్యతో. "చర్చి చర్చి అంటె నేను నీ కలలనుకున్న."

"నోరు మూస్కో" అంది ఐలమ్మ. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"ఆగు, పద్ధతి ఉంటది గద" అంటూ అతను పడుకున్నచోటి నుంచే చెయ్యి చాచి, గ్లాసులోంచి ఒక ఎండు గులాబీ తీసి నాకిచ్చాడు. "పచ్చిది లేదమ్మా, ఏమనుకోకు. మొదటిసారి వచ్చినోళ్ళు లేసి నిలవడాలెనట గద. మా ఆడామె నాకు అంత జెప్పింది."

వేళాకోళమే. అయినా గుమ్మం దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆరేళ్ళుగా ఎన్ని వందల మందిని లేపానో, నేను ఇలా లేవడం మాత్రం అదే మొదటిసారి.

"పేరేంది?" అన్నాడు కొమురెల్లి.

"ఛాయాదేవి."

"ఏడుంటరు?"

"నాచారంల."

మూడో ప్రశ్న అతనికి గుర్తు రాలేదు. ఐలమ్మ అందుకుంది. ఐదుసార్లు జవాబు చెప్పిన మనిషి, ఆమెకు బాగా గుర్తుంది. "మిమ్ముల ఎవలు పిలిసిన్రమ్మా?"

"నువ్వే" అన్నాను. "జులై నుంచి పిలుస్తున్నవ్ గద."

గుమ్మంలో ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. ఐలమ్మ మాత్రం కొట్టలేదు. నా చేతిలో టీ గ్లాసు పెట్టి, చల్లారకముందే తాగమంది.