గుడ్డ కప్పిన బోను

నేను ఒక ఇనుప బోనును. శేషుకుమారి నన్ను పెరట్లో పక్కకు దొర్లించి కొబ్బరిపీచుతో నా అడుగురేకు తోముతోంది. కుంకుడు రసం తప్ప మరొకటి వాడదు. ఫినాయిలు వాసన మిగిలితే ఏ పిల్లీ నా ఛాయలకు రాదని ఆమెకు తెలుసు. మూలల్లో అంటుకున్న చేప పొలుసుల్ని గోటితో గీకి తీస్తుంది. ఇలా తోమించుకుంటూనే, మొన్న వేసవిలో జరిగిన సంగతి మీకు చెబుతాను.

నన్ను తెనాలిలో ఒక వెల్డింగు కొట్టులో, కిటికీలు చేయగా మిగిలిన ఊచలతో చేశారు. కోళ్ల ఫారం యజమాని ఒకాయన ముంగిసల కోసం చేయించుకున్నాడు. అతని దగ్గరున్నన్నాళ్లూ నాలోకి వచ్చిన ప్రాణి మళ్లీ బయట నడవలేదు. ఫారం మూతపడ్డాక పాత ఇనుము కొట్టుకు చేరాను. అక్కడి నుంచి నన్ను శేషుకుమారి తెచ్చుకుంది. జాకెట్లు కుట్టి బతికే మనిషికి నాతో పనేమిటా అనుకున్నాను. వీధి పిల్లుల్ని పట్టి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, తిరిగి అదే వీధిలో వదలడానికట! వదలడానికే అయితే పట్టడమెందుకని నవ్వుకున్నాను. ముంగిసల కాలం నాటి బుద్ధి నాది.

ఆ వీధిలో పానకాలరావు గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. ఒకరోజు వారింట్లో పాలగిన్నె దొర్లింది. అంతే, వీధి వీధంతా తిరిగి సంతకాలు పెట్టించారు. చెవి గుర్తున్న పిల్లులు ఉండవచ్చు, లేనివాటిని ఆదివారం గోతాల్లో కట్టి ఊరవతల వదిలిపెట్టాలని తీర్మానం. శనివారానికి గుర్తు లేకుండా మిగిలింది ఒక్కటే. దాని పేరు చింతపండు. నలుపూ గోధుమా కలగలిసిన ఒంటిని చూసి శేషుకుమారి పెట్టిన పేరు.

శేషుకుమారి ముందురోజు దానికి పస్తు పెట్టి, శనివారం తెల్లవారగానే వేయించిన ఎండుమెత్తళ్ల చేపలు ఎర వేసి నన్ను గోడ పక్కన ఉంచింది. చింతపండు నా చుట్టూ తిరిగింది. వాసన చూసింది. ముందుకాళ్లు లోపల పెట్టి, వెనక కాళ్లు బయటే ఉంచి మెడ సాచింది. నా తలుపు సన్నని మీట మీద ఆగి ఉంది. గాలి తగిలినా పడిపోతుందేమోనని బిగుసుకుపోయాను. చివరికి దాని పాదం మీట మీద పడింది. తలుపు దభీమని మూసుకుంది.

శేషుకుమారి ఒక్క పరుగున వచ్చి పాత దుప్పటి కప్పేసింది. చీకటి చేస్తే పిల్లి బెదిరి ఒళ్లు గాయం చేసుకోదు. ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునేది అదే. ఆ నేర్చుకున్నదాన్ని మరీ శ్రద్ధగా పాటించడం వల్లే ఆమె పొరబడింది. కప్పే ముందు పిల్లి పొట్ట వైపు ఒక్కసారి చూడలేదు.

పశువుల ఆస్పత్రిలో మత్తిచ్చి, పొట్ట మీద బొచ్చు గీస్తూ డాక్టరు గారు ఆగిపోయారు.

"ఏమ్మా, బాలింతను పట్టుకొచ్చావే! పాలు కారుతున్నాయి చూడు. పిల్లలేవీ?"

శేషుకుమారి వంగి దాని పొట్ట చూసింది.

"ఆపరేషన్ చేసినా పాలకేం కాదులే. కానీ రేపటిదాకా దీన్ని బయటికి వదలకూడదు. పిల్లల్నే వెతికి దీని దగ్గరికి చేర్చు. ఈ ఎండలకి సాయంత్రం దాటితే బతకవు."

మధ్యాహ్నం రెండు గంటలకు మేము వీధిలోకి తిరిగివచ్చాం. చింతపండు నాలో సొమ్మసిల్లినట్టు పడి ఉంది. ఎడమ చెవి కొస కొత్తగా తెగి ఉంది. ఇటుకల దొంతరల వెనక, పంపు గదిలో, ఎండిన తూములో వెతికింది శేషుకుమారి. తల్లి వాసనకు పిల్లలు అరుస్తాయేమోనని ప్రతిచోటా నన్ను దించి, ఊపిరి బిగబట్టి వినేది. ఎక్కడా చప్పుడు లేదు. ఇంటింటికీ వెళ్లి అడిగింది. నాలుగు దాటాక మిగిలింది పానకాలరావు గారి ఇల్లే. వారి మెట్ల మీద నన్ను పెట్టి పిలిచింది.

"బాబాయిగారూ, మీ ఇంట్లో పిల్లి పిల్లలేమన్నా ఉన్నాయేమో ఒకసారి చూడనిస్తారా? పొద్దున్నుంచీ వాటికి పాల్లేవు."

"నా ఇంట్లోనా? భలేదానివే! పిల్లులు పోవాలని సంతకాలు పెట్టించిందే నేను. ఇంకా నయం, నేనే కన్నానన్లేదు."

"అది కాదండీ, ఏ సజ్జ మీదో..."

"నా ఇల్లు నాకు తెలవదా? ఏమే, మనింట్లో పిల్లి పిల్లలున్నాయంట, విన్నావా?" అని లోపలికి కేకేశారు.

ఆయన భార్య భ్రమరాంబ గారు పమిటతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటమ్మా శేషూ?"

అంతవరకూ ఎవరు పిలిచినా కదలని చింతపండు, ఆ గొంతు వినగానే దుప్పటి కింద తలెత్తింది. మత్తులో తూలుతూనే వచ్చి నా ఊచలకు మూతి ఆనించి సన్నగా అరిచింది. పిల్లలెక్కడున్నాయో నాకు అర్థమైపోయింది. నాలుక లేని జన్మ నాది, ఏం చెయ్యను?

"చింతపండు, పిన్నిగారూ," అంటూ శేషుకుమారి దుప్పటి కొంచెం ఎత్తింది. "బాలింతని తెలవక పట్టేశా. తప్పు నాదే. సాయంత్రం దాటితే పిల్లలు చచ్చిపోతాయన్నారు."

భ్రమరాంబ గారు వంగి దాని కళ్లలోకి చూసింది. తరువాత భర్త వైపు చూసింది. ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదని వీధిలో అందరికీ తెలుసు. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"చూశావా, ఆవిడకీ తెలవదు. ఇక వెళ్లమ్మా," అన్నారు పానకాలరావు గారు, వాలుకుర్చీలో వెనక్కి ఆనుకుంటూ.

శేషుకుమారి వెళ్లలేదు. నా పిడి మీద ఆమె వేళ్లు చెమటకు జారుతున్నాయి. లోపల స్టూలు జరిపిన చప్పుడైంది. ఎక్కడో పైన డబ్బాలు కదిలాయి.

"ఏందే ఆ చప్పుడు?"

కాసేపటికి భ్రమరాంబ గారు వచ్చింది. జుట్టునిండా సజ్జ దుమ్ము. రెండు చేతుల్లో కూరగాయల బుట్ట, దాని మీద ఆమె పాత చీరముక్క. చీర కింద ఏదో కదిలింది. తెగిపోతున్న దారమంత సన్నని అరుపు వినిపించింది. చింతపండు నా ఊచల్ని గోళ్లతో పట్టుకుంది.

పానకాలరావు గారు లేచి నిలబడ్డారు.

"నా ఇంట్లోనే? ఎన్నాళ్లబట్టే?"

ఆమె బుట్టను గుండెలకు ఆనించుకుంది. గడప దాటి, ఆయనను తప్పించుకుని, చెప్పులైనా తొడుక్కోకుండా చింతపండు వైపు మెట్లు దిగింది.