పదమూడో శుక్రవారం

స్వీడన్ పట్టణం హార్నోసాండ్‌లో కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ చిన్న వర్క్‌షాపులో శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు రంపాలు ఆగిపోతాయి. చేతికంటిన ప్లాస్టరు కడుక్కుని అందరూ కాఫీ బల్ల దగ్గర చేరతారు. ఆ వారం ఎవరి వంతైతే వాళ్లు ఇంట్లో చేసిన కేకో రొట్టో తెస్తారు. వంతుల కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. దాని మీద పెన్సిలు పెట్టే హక్కు అక్కడి పాత పనివాడు బెర్తిల్ ఒక్కడిదే.

తూవా శిక్షణకు చేరిన రోజున, పన్నెండు పేర్ల కింద ఆమె పేరు పదమూడోదిగా రాశాడాయన. శిక్షణేమో పది వారాలే.

ఈ సంగతి చివరి వారం బుధవారం దాకా ఆమెకు తట్టలేదు. తొమ్మిది శుక్రవారాలు అందరి చేతివంటా తింది. పోయిన వారం సిక్స్‌టెన్ అనే ముసలాయన యాలకుల రొట్టె తెచ్చి, రెండో ముక్క తానే ఆమె పళ్లెంలో పెట్టాడు. ఇంకో శాఖలో పనిచేస్తాడు కాబోలు అనుకుంది. తను మాత్రం ఎవరికీ ఏమీ పెట్టకుండా వెళ్లిపోవాలి. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు బెరుకు. అమ్మమ్మ నేర్పిన నిమ్మకాయ కేకు తన బదులు మాట్లాడుతుందని ఆశపడి, ఆ మాటే పక్కబల్ల గునిల్లాతో చెప్పింది.

"ఈ వారం నా వంతే. తీసుకో, నాకు చాకిరీ తప్పుతుంది," అంది గునిల్లా. "కానీ ఆ పెద్దమనిషిని అడగాలి. ఆ కాగితమంటే ఆయనకి ప్రాణం."

తూవా వెళ్లి అడిగితే బెర్తిల్ చెవి మీది పెన్సిలైనా తీయలేదు.

"వంతంటే వంతే. మార్చను."

"నా వంతు వచ్చేసరికి నేనుండను కదండీ."

"కాగితంలో ఉన్నావుగా," అని ఆకురాయి అందుకుని పనిలో పడ్డాడు.

"మనిషా, బండరాయా!" అని గునిల్లా విసుక్కుంది. తూవా నవ్వబోయింది గానీ కళ్లు మండాయి. పది వారాలు పక్కన నిలబడి పనిచేసినా తను వచ్చిపోయే మనిషేనన్నమాట.

శుక్రవారం గునిల్లా ఆపిల్ కేకు తెచ్చింది. తూవా ఖాళీ చేతులతో లేచి నిలబడింది.

"నేను... కేకు తేలేదు," అంది. ఎవరో నవ్వారు, ప్రేమగానే. "మొదటి వారం నేను అచ్చు పగలగొడితే, తన మోచెయ్యి తగిలిందని గునిల్లా చెప్పారు. ఆవిడ అసలు ఆ గదిలోనే లేరు. బెర్తిల్ గారూ, నేను నునుపు చేసిన ప్రతి అంచునూ మీరు సాయంత్రం వేలితో తడిమి చూసేవారు. నా మీద నమ్మకం లేదనుకున్నాను. మనం చేసిన కొత్త కాలు వేసుకుని ఒక పాప, అంచు గుచ్చుకోక, మొహం చిట్లించకుండా మెట్లెక్కింది చూడండి, ఆ రోజు అర్థమైంది. మీ అందరికీ..."

వాక్యం పూర్తిచేయకుండానే కుర్చీ లాక్కుంది.

గునిల్లా పెద్ద ముక్క ఒకటి ఆమె పళ్లెంలోకి తోసింది. "కూచుని తిను. చెప్పాల్సిందంతా చెప్పేశావు." బెర్తిల్ మాత్రం కాఫీ చల్లారిపోయిందని గొణుగుతూ లేచి వెళ్లిపోయాడు.

ఐదింటికి కోటు కోసం వెళ్తే ఆయన ఫ్రిజ్ దగ్గర ఉన్నాడు. పాత కాగితం పక్కన కొత్తది అతికిస్తున్నాడు. వేసవి సెలవుల తర్వాత మొదలయ్యే వంతులవి. అందులోనూ పదమూడో పేరు తూవాదే.

"ఇదేమిటండీ? నేను వెళ్లిపోతున్నాను కదా."

"సిక్స్‌టెన్ రిటైరై నాలుగేళ్లయింది," అన్నాడు.

"పోయిన వారం రొట్టె తెచ్చారు కదా?" అంది తూవా.

"వెళ్లేటప్పుడు నీలాగే వంతు ముందుకి జరపమన్నాడు. జరపలేదు. వంతు మిగిలింది గనక మళ్లీ వచ్చాడు. వచ్చాడు గనక మళ్లీ రాశాను. పోయిన చలికాలం వాళ్లావిడ పోయింది. మూడు వారాలు గడప దాటలేదు. నాలుగో శుక్రవారం తన వంతు. మాడిపోయిన రొట్టె పట్టుకొచ్చాడు." పెన్సిలు చెవి మీదికి చేరింది. "ముక్క మిగల్చకుండా తిన్నాం."

తూవా పాత కాగితం మీద తన పేరును వేలితో తడిమింది. ఇంకా మూడు శుక్రవారాలు.

"అప్పటికి నా పరీక్షలు అయిపోతాయి," అంది.

"రెండున్నరకల్లా ఉండాలి. ఆలస్యమైతే గునిల్లా నా బుర్ర తినేస్తుంది." కొత్త కాగితం మూల నొక్కుతూ అడిగాడు. "నిమ్మకాయదటగా?"

"అవునండీ."

"పంచదార తక్కువ వెయ్యి," అంటూ ఆమె కోటు కొక్కెం నుంచి తీసి అందించాడు.